సాంఘిక పరిశోధనలో పద్ధతి

జనాభా లెక్కలు వ్రాయు ఉద్యోగి యొకడు ఒక గ్రామమునకు వచ్చినాడనుకొందము. వీధి అరుగుమీద ఇంటి యజమాని కూర్చుండియున్నాడు. ఉద్యోగి కాగితము తీసి, "మీ ఇంట్లో పనిచేసేవాళ్లు ఎవరెవరండీ?" అని అడిగెను. "నేనూ, మా పెద్దవాడూను" అని యజమాని చెప్పెను. "మరి మీ ఇంట్లో ఆడవాళ్లు?" అని ఉద్యోగి మరల ప్రశ్నించెను. "వాళ్లకేం పనండీ, ఇంట్లోనే ఉంటారు" అని సమాధానము వచ్చెను. ఉద్యోగి ఆ గడిలో పని లేనట్లుగా గుర్తు పెట్టి పొరుగింటికి సాగిపోయెను. ఆ సమయమున ఆ ఇల్లాలు దొడ్డిలో గేదెకు కుడితి పెట్టుచున్నది. తెల్లవారుజామున పాలు పితికి అమ్మకమునకు పంపినది ఆమెయే. ప్రొద్దున వరిచేలో కలుపు తీసి వచ్చినదియు ఆమెయే.

ఇందులో అబద్ధమాడినవారెవరు? యజమాని తనకు తోచిన మాట చెప్పెను. ఉద్యోగి విన్నమాటను విన్నట్లే వ్రాసికొనెను. ఇరువురును నిజాయితీపరులే. అయినను కాగితముమీది కెక్కినది నిజము కాదు. అట్టి కాగితములు లక్షలకొలది కూడి పట్టికగా అచ్చుపడినప్పుడు, ఈ దేశములో ఇంతమంది స్త్రీలు ఏ పనియు చేయుటలేదని ఒక అంకె పుట్టును. ఆ అంకెను చూచి ప్రభుత్వము పథకములు వేయును. పండితులు వ్యాసములు వ్రాయుదురు. తప్పు ఎక్కడ ప్రవేశించినది? మనుష్యుల మనస్సులో కాదు; అడిగిన తీరులో. అడుగవలసిన తీరును గూర్చిన విచారమునకే శాస్త్రజ్ఞులు పద్ధతి అని పేరు పెట్టిరి. సాంఘిక పరిశోధనలో ఆ పద్ధతికి గల స్థానమేమో ఈ ప్రసంగములో శ్రోతలకు మనవి చేయదలచితిని.

పద్ధతి యనగానే ప్రశ్నావళి, ముఖాముఖి సంభాషణ, ప్రత్యక్ష పరిశీలన, లెక్కలు, పట్టికలు అని పలువురు తలంతురు. ఇవి పనిముట్లు మాత్రమే. వడ్రంగి సంచిలో ఉలి, బాడిస, రంపము ఉన్నట్లు పరిశోధకుని సంచిలో ఇవి యుండును. ఏ కొయ్యకు ఏ పనిముట్టు తగును, అది ఎక్కడ జారును, జారినప్పుడు ఎట్లు కనిపెట్టవలెను అను విచారణ వేరు. ఆ విచారణయే పద్ధతిశాస్త్రము. అంగడికి పోయినప్పుడు మనము సరుకును చూతుము. తెలివిగల ఇల్లాలు సరుకుతోబాటు త్రాసును గూడ చూచును. ముల్లు నడుమ నిలిచినదా, పళ్లెము అడుగున చింతపండు అంటించినారా అని పరీక్షించును. పరిశోధనలో పద్ధతి చేయు పనియు ఇదియే. నిజమును తూచు త్రాసును అది ముందుగా తూచి చూచును.

భౌతికశాస్త్రజ్ఞునకు ఒక సౌకర్యము కలదు. ఇనుపకడ్డీని కాచినప్పుడు, కాచువాడెవడో చూచి అది వ్యాకోచింపదు. మనుష్యుడట్లు కాదు. నీకు భూమి యెంత యున్నదని సంబంధము చూడవచ్చినవారు అడిగినచో ఒక లెక్క, పన్ను విధించువారు అడిగినచో ఒక లెక్క, రేషను కార్డు ఇచ్చువారు అడిగినచో మరియొక లెక్క చెప్పుట లోకములో లేనిది కాదు. సిగ్గు, భయము, ఆశ, మర్యాద, మరపు ఈ ఐదును ప్రతి సమాధానములోను ఎంతో కొంత పాలు పంచుకొనును. ఇందువలననే సాంఘిక విషయములలో శాస్త్రమనునది అసాధ్యమని కొందరు వాదింతురు. ఆ వాదము నాకు సమ్మతము కాదు. చిక్కు అధికముగా నున్నచోటనే జాగ్రత్తయు అధికముగా కావలెను. సాంఘిక పరిశోధనకు శాస్త్రమను గౌరవము కలుగుట అది ఎన్ని అంకెలు పోగుచేసినదనుటవలన కాదు. ఆ అంకెలు ఎక్కడ తప్పగలవో తానే వెదకికొనుటవలన.

ఆ వెదకుటలో మొదటి ప్రశ్న: ఎవరిని అడిగితిమి?

దీనికి ప్రపంచ ప్రసిద్ధమైన ఉదాహరణ మొకటి కలదు. 1936లో అమెరికాలో అధ్యక్ష ఎన్నిక జరిగెను. అప్పటి అధ్యక్షుడు రూజ్వెల్టు ఒకవైపు, లాండన్ మరియొకవైపు పోటీపడిరి. లిటరరీ డైజెస్టు అను వారపత్రిక సుమారు కోటి మందికి నమూనా ఓటు కాగితములను తపాలాలో పంపెను. 23 లక్షలకు పైగా కాగితములు తిరిగి వచ్చెను. వానిలో లాండనుకు దాదాపు 13 లక్షల ఓట్లు, రూజ్వెల్టుకు 10 లక్షలకు లోపుగా ఓట్లు కనబడెను. లాండన్ గెలుపు తథ్యమని పత్రిక ప్రకటించెను. ఎన్నిక జరిగినది. ఆనాటి 48 రాష్ట్రములలో 46 రాష్ట్రములు రూజ్వెల్టు పక్షమాయెను. అదే సమయమున గాలప్ అను యువకుడు అంతకు ఎన్నో రెట్లు తక్కువమందిని అడిగి రూజ్వెల్టు గెలుచునని చెప్పగలిగెను. పత్రిక ప్రతిష్ఠ మంటగలిసెను. 1938లో దాని ప్రచురణయే ఆగిపోయెను.

23 లక్షలమంది అభిప్రాయము తప్పుదారి పట్టించుట ఎట్లు సంభవించినది? ఆ పత్రికవారు పేర్లను ఎక్కువగా టెలిఫోను పట్టికలనుండియు, మోటారుకార్ల యజమానుల జాబితాలనుండియు సేకరించిరి. అది గొప్ప ఆర్థికమాంద్యము నడచుచున్న కాలము. టెలిఫోనును కారును పోషింపగలవారు కలిగినవారు. రూజ్వెల్టును కోరిన పేదలు ఆ జాబితాలలో చాలవరకు లేనేలేరు. ఇంకొక లోపము గూడ కలదు. కాగితములు అందినవారిలో నాలుగవవంతు మాత్రమే బదులు వ్రాసిరి. బదులు వ్రాసినవారును, వ్రాయక యూరకున్నవారును ఒకే మనస్సు గలవారని ఎట్లు అనుకొనవచ్చును?

ఈ సంగతి రేడియో వినువారికి సులభముగా బోధపడును. ఒక కార్యక్రమమును గూర్చి కేంద్రమునకు వంద ఉత్తరములు వచ్చెననుకొందము. తొంబది ఉత్తరములు మెచ్చుకొనుచు వ్రాసినవి. అంతమాత్రమున శ్రోతలలో నూటికి తొంబదిమంది మెచ్చుకొనిరని చెప్పవచ్చునా? ఉత్తరము వ్రాయుటకు తీరిక కావలెను, అక్షరజ్ఞానము కావలెను, అభిమానమో ఆగ్రహమో కావలెను. వంట చేసికొనుచు విన్న ఇల్లాలు, చేలో విన్న రైతు, నచ్చక మీట త్రిప్పివేసిన శ్రోత ఆ ఉత్తరములలో లేరు. కావున ఎన్ని ఉత్తరములు వచ్చినవనునది రెండవ ప్రశ్న. ఎవరు వ్రాయలేదనునది మొదటి ప్రశ్న.

అట్లయినచో అందరిని అడిగిననే గాని నిజము తెలియదా? తెలియును. అన్నమంతయు పట్టి చూడనక్కరలేదని మన పెద్దలు చెప్పనే చెప్పిరి. మెతుకు పట్టి చూచి అన్నము ఉడికినదో లేదో చెప్పుటయే నమూనా పరిశీలన. కాని వంట తెలిసినవారెవరును పైమెతుకు పట్టి తృప్తిపడరు. గరిటెతో అడుగునుండి కలియబెట్టి చూతురు. శాస్త్రజ్ఞులు చేయు కలియబెట్టుటకు యాదృచ్ఛిక నమూనా అని పేరు. గ్రామముల పేర్లన్నియు వ్రాసి, చీట్లు తీసినట్లుగా, ఎవరి ఇష్టానిష్టములకును తావులేకుండ ఎన్నుకొనవలెను. రోడ్డుప్రక్క నున్నదని యొక గ్రామమును, తెలిసినవారున్నారని యొక ఇంటిని ఎన్నుకొనరాదు. ఏరుకొను చేయి ఎంత పుణ్యాత్మునిదైనను, దానికి తెలియకుండనే ఒకవైపు మొగ్గు ఉండును.

ఈ విద్యలో మనదేశము ప్రపంచమునకు దారి చూపిన వాటిలో నొకటి. ప్రశాంతచంద్ర మహాలనోబిస్ 1931లో కలకత్తాలో భారత గణాంకశాస్త్ర సంస్థను స్థాపించెను. 1930లలోనే వంగదేశమున జనుము పంటను నమూనా పద్ధతిని అంచనా వేయుటకు పూనుకొనెను. 1950లో ఆరంభమైన జాతీయ నమూనా సర్వేకు ఆయనయే సూత్రధారి. మన తెలుగువాడు, ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో గణితము చదివిన కల్యంపూడి రాధాకృష్ణారావుగారు 1941లో ఆ సంస్థలో చేరిరి. మన చేతనున్న నమూనానుండి తీయు అంచనా ఎంతవరకు కచ్చితము కాగలదో దానికి ఒక హద్దు కలదని 1945లో వారు గణితముచే నిరూపించిరి. 2023లో, నూటమూడేండ్ల వయస్సు దాటబోవు సమయమున వారు స్వర్గస్థులైరి. తన జ్ఞానమునకు హద్దు ఎక్కడ గలదో తెలిసికొనుటయు జ్ఞానమేనని చెప్పుటకు ఇంతకంటె గొప్ప నిదర్శన మక్కరలేదు.

మహాలనోబిస్ పాటించిన నియమ మొకటి ముఖ్యముగా గమనింపదగినది. ఒకే ప్రాంతమునుండి రెండు వేరు నమూనాలు తీసి, రెండు వేరు జట్లచేత సర్వే చేయించువాడు. రెండు జట్ల లెక్కలును దగ్గరగా వచ్చినచో నమ్మకము పెరుగును. దూరముగా వచ్చినచో ఎక్కడనో పొరపాటున్నదని తెలియును. బంగారమును ఇద్దరు కంసాలులచే వేరువేరుగ పరీక్ష చేయించుట వంటిది ఇది. తన పరిశోధకులపై అపనమ్మకముచేత కాదు. నమ్మకమునకు ఆధారము కావలెనను నియమముచేత.

ఇంత జాగ్రత్త గల మహాలనోబిస్ పద్ధతిలోనే మరియొక శాస్త్రజ్ఞుడు లోపమెత్తి చూపెను. ఆయన పాండురంగ సుఖాత్మే. ఎకరమునకు పంట ఎంత పండినదో తెలిసికొనుటకు చేలో చిన్న మడి గుర్తించి, దానిలోని పంటను కోసి తూచుట వాడుక. మడి చిన్నదైనచో పని త్వరగా ముగియును. కాని మడి చిన్నదైన కొలది పంట అంచనా నిజముకంటె ఎక్కువగా వచ్చుచున్నదని సుఖాత్మే 1940లలో చూపెను. కారణము వినుడు. సరిహద్దు దారము సరిగా మొక్కమీదనే పడినప్పుడు ఆ మొక్క లోపలిదా, వెలుపలిదా? కోయువాని చేయి సామాన్యముగా దానిని లోపలికే లాగికొనును. నిండు కంకిని వదలుటకు ఎవరికి మనసొప్పును? పెద్దమడిలో ఈ పొరపాటు కొద్దిగానుండును. చిన్నమడిలో, లోపలి నేలతో పోల్చినచో అంచు ఎక్కువ గనుక, పొరపాటు పెద్దదగును. అంచునందలి నాలుగు కంకులు దేశపు పంట లెక్కలోనికి ప్రవేశించును. లేని ధాన్యము కాగితముమీద ఉన్నదని నమ్మినచో, దిగుమతి చేసికొనవలసిన యేడు దిగుమతి మానివేయుట సంభవింపవచ్చును. పద్ధతి విషయమైన వాదములు పండితుల కాలక్షేపము కాదని ఇందువలన తెలియుచున్నది.

ఇక రెండవ ప్రశ్న: ఎట్లు అడిగితిమి? దీని మహిమ మొదటిదానికంటె గూఢమైనది.

మనదేశములో దరిద్రులెందరో తెలిసికొనుటకు ఇంటింటికి పోయి ఖర్చులెంతయని అడుగుదురు. బియ్యము, పప్పు, నూనె, కూరగాయలు ఎంత వాడితిరని ప్రశ్నింతురు. ఏ కాలమునకు అడుగవలెను? గడచిన 30 దినములకా, 7 దినములకా? నెలరోజుల క్రిందటి కూరగాయల ఖర్చు ఎవరికి గుర్తుండునని ఒక వాదము. వారమునకని అడిగినచో, పదిరోజుల క్రిందట కొన్న నూనెడబ్బాను గూడ ఈ వారములోనికి చేర్చి చెప్పుదురని ఎదురువాదము. ఇది ఇంట్లో కూర్చుండి తేల్చు విషయము కాదు. జాతీయ నమూనా సర్వే తొలిదినములలో చేసిన పరీక్షలనుబట్టి 30 దినముల ప్రశ్నయే మేలని నిర్ణయించిరి. 1994 మొదలు 1998 వరకు మరల పరీక్ష చేసిరి. ఇండ్లను యాదృచ్ఛికముగ రెండు భాగములుగా విభజించి, కొందరిని 30 దినములకు, కొందరిని ఆహారాదులను 7 దినములకు అడిగిరి. అవే గ్రామములు, అదే కాలము, అదే దారిద్ర్యరేఖ. వారమునకు అడిగిన ఇండ్లలో ఖర్చు ఎక్కువగా కనబడి, దరిద్రుల సంఖ్య దాదాపు సగమునకు దిగెను. ఒక్కరి కంచములోను ఒక మెతుకు పెరుగలేదు. ప్రశ్నలోని ఒక అంకె మారినది, అంతే. కోట్లమంది దారిద్ర్యరేఖకు ఈవలకో ఆవలకో దాటిరి.

తరువాత 1999–2000 సర్వేలో రెండు కాలములకును ఒకే ఇంటివారిని ప్రక్కప్రక్క గడులలో అడిగిరి. మనుష్యస్వభావమేమి? వారమునకు ఒక మాట చెప్పినవాడు నెలకు దానితో పొసగునట్లుగా మరియొక మాట చెప్పును. అడుగువాడును రెండు గడులు పొసగవలెనని చూచును. రెండు సమాధానములు ఒకదాని నొకటి లాగికొనును. ఆ సర్వేను బట్టి దేశములో దరిద్రులు నూటికి 26 మంది యని అధికారపు లెక్క వెలువడెను. 1993–94లో అది నూటికి 36. ఆరేండ్లలో పది పాళ్లు తగ్గినదని కొందరు సంతోషించిరి. అడిగిన తీరు మారినప్పుడు రెండింటిని ఎట్లు పోల్చగలమని కొందరు ప్రశ్నించిరి. ఆర్థికశాస్త్రజ్ఞుల నడుమ ఏండ్ల తరబడి వాదము నడిచెను. దారిద్ర్యము తగ్గిన మాట నిజమే గాని, ఎంత తగ్గినదనుటలో అధికారపు లెక్కను యథాతథముగ నమ్మరాదని పలువురు తేల్చిరి. 2022–23 వినియోగ సర్వేలో ఒకే ఇంటికి మూడు నెలలలో మూడుమారులు పోయి, ప్రశ్నలను భాగములుగా విడదీసి అడిగిరి. మంచి మార్పే కావచ్చును. కాని ఆ లెక్కను పాతలెక్కతో పోల్చువారు ముందుగా త్రాసు మారిన సంగతి గుర్తుంచుకొనవలెను. జ్వరము తగ్గినదని సంతోషించుటకు ముందు, నిన్నను నేడును చూచినది ఒకే థర్మామీటరేనా యని అడుగుట న్యాయము గదా.

మూడవ ప్రశ్న: మనము వాడిన మాటకు అర్థమేమి? మొదట చెప్పిన ఇల్లాలి విషయమునకు మరల వత్తము. "పని" యన్న మాటకు అడిగిన ఉద్యోగి మనస్సులో ఒక అర్థము, చెప్పిన యజమాని మనస్సులో మరియొక అర్థము. జీతము తెచ్చునదే పనియని యజమాని తలంపు. ఈ లోపమును గుర్తించిన పిమ్మట 1991 జనగణనలో, స్వంత పొలములోను కుటుంబపు వృత్తిలోను జీతము లేకుండ చేయు పని గూడ పనియేనని ప్రశ్నలోనే స్పష్టముగ చేర్చిరి. ఆ చేర్పు వెనుక, స్త్రీల శ్రమ లెక్కకెక్కవలెనని కోరినవారి కృషి యున్నది.

అంతటితోను చాలలేదు. పని చేయుదురా యని అడుగుట మాని, నిన్న తెల్లవారినది మొదలు ఏ సమయమున ఏమి చేసితిరని అడిగినచో నేమి? దీనికి కాలవినియోగ సర్వే యని పేరు. 1998–99లో ఆరు రాష్ట్రములలో దీనిని ప్రయోగాత్మకముగ చేసిరి. 2019లో దేశమంతట జరిపిరి. ఇంటివారికొరకు జీతము లేని గృహకృత్యములు చేయువారు స్త్రీలలో నూటికి 81 మంది, పురుషులలో నూటికి 26 మంది యని తేలెను. అట్లు చేయు స్త్రీలు దినమునకు సగటున 299 నిమిషములు, అనగా దాదాపు అయిదు గంటలు. చేయు పురుషులు 97 నిమిషములు వెచ్చించుచుండిరి. "వాళ్లకేం పనండీ" యన్న మాటకు ఇది జవాబు. ఈ స్త్రీలు 2019లో క్రొత్తగా పని మొదలుపెట్టలేదు. వారి శ్రమ తరతరములుగా నున్నదే. దానిని చూడగల ప్రశ్న మాత్రము ఆలస్యముగా వచ్చినది.

అయితే అన్ని విషయములును గడులు నింపి తెలిసికొనదగినవి కావు. కొన్నింటికి మనుష్యుల నడుమ నివసించుటయే పద్ధతి. 1950ల ఆరంభమున ఉస్మానియా విశ్వవిద్యాలయమున మానవశాస్త్రజ్ఞుడుగా నుండిన శ్యామాచరణ దూబే, హైదరాబాదునకు దగ్గరనున్న శామీర్‌పేట గ్రామమును వివిధ శాఖల వారితో కూడిన జట్టుతో పరిశీలించెను. ఆ కృషి ఫలితముగా 1955లో "ఇండియన్ విలేజ్" అను గ్రంథము వెలువడెను. ఆ గ్రామములోని కులముల పరస్పర సంబంధములు, కుటుంబజీవనము, పండుగలు, సేద్యము, పట్టణపు ప్రభావము అందు వర్ణింపబడినవి. ఒక తెలంగాణా గ్రామము ప్రపంచమందలి సమాజశాస్త్ర విద్యార్థులకు పాఠ్యమైనది. నేడు హైదరాబాదు నగరము పెరిగి శామీర్‌పేటను తాకుచున్నది. ఆనాటి పల్లె ఎట్లుండెడిదో తెలియగోరువారికి ఆ గ్రంథమే ఆధారము.

ఇట్టి పరిశీలనవలన కలుగు లాభమును మైసూరు దేశపు సమాజశాస్త్రజ్ఞుడు ఎం. ఎన్. శ్రీనివాస్ చక్కగా విడదీసి చెప్పెను. సంఘమును గ్రంథములనుబట్టి చూచుట ఒకటి, క్షేత్రములో నిలిచి చూచుట మరియొకటి యనెను. గ్రంథములు చూచినచో కులవ్యవస్థ నాలుగు మెట్లుగా, కదలక మెదలక నిలిచినట్లు తోచును. ఊరిలో నిలిచి చూచినచో అనేక కులములు, ఎవరు ఎక్కువ ఎవరు తక్కువ యను వివాదములు, ఆచారములు మార్చుకొని పైమెట్టునకు ఎక్కజూచు ప్రయత్నములు కనబడును. ఆచారమేమని అడిగినచో పెద్దలు జరుగవలసినది చెప్పుదురు. జరుగుచున్నదేమో కన్నులతో చూచిననేగాని తెలియదు.

ఆయన జీవితమునందలి యొక సంఘటన పద్ధతికి గల నైతికమైన బలమును తెలుపును. 1948లో ఆయన రాంపుర యని తాను పేరు మార్చి వ్రాసిన గ్రామములో ఉండి విషయములు సేకరించెను. 1970లో, అమెరికాలోని స్టాన్‌ఫర్డునందు గ్రంథరచనకు కూర్చున్న సమయమున, దుండగులు పెట్టిన నిప్పులో, ఏండ్ల తరబడి వర్గీకరించి సిద్ధపరచిన ఆయన కాగితములు కాలిపోయెను. ఆయన నిరాశపడక జ్ఞాపకశక్తి ఆధారముగ గ్రంథము వ్రాసెను. అది 1976లో వెలువడెను. దాని పేరే జ్ఞాపకమునందలి గ్రామమను అర్థము నిచ్చును. ఇది నా జ్ఞాపకమునుండి వ్రాసినది సుమా యని ఆయన దాచలేదు. ఆధారము బలమైనదైనను బలహీనమైనదైనను, ఆధారమిది యని చెప్పుటయే పద్ధతి. పాఠకుడు తన నమ్మకమును అంతమేరకే ఇచ్చుటకు వీలు కలుగును.

ఇన్ని చెప్పిన పిమ్మట ఒక హెచ్చరిక చేయకతప్పదు. పద్ధతి మంత్రము కాదు. పనికిరాని ప్రశ్నను ఎంత నిర్దుష్టముగ అడిగినను పనికిరాని సమాధానమే వచ్చును. లెక్కించుటకు సులభమైనదే ముఖ్యమైనదని భ్రమపడు పరిశోధకులును కలరు. దీపము క్రింద వెలుతురున్నదని, చీకటిలో జారిన ఉంగరమును దీపము క్రింద వెదకినట్లుండును వారి పని. మరియొక సంగతి. మనము ప్రశ్నించునది ప్రాణము, మానము గల మనుష్యులను. వారి ఇంటిగుట్టు మన చేతికి వచ్చినప్పుడు దానిని కాపాడుట మన ధర్మము. జనగణనలో ఒక్కొక్కరు చెప్పిన వివరములను రహస్యముగ నుంచవలెనని 1948 నాటి చట్టము విధించినది. ఇది దయ మాత్రమే కాదు, పద్ధతి గూడ. గుట్టు బయటపడునని భయపడువాడు నిజము చెప్పడు.

ఈ విషయములు పండితులకేగాని మనకెందుకని శ్రోతలు తలపవలదు. దినపత్రికలో నిత్యము అంకెలు వచ్చుచుండును. నూటికి ఇంతమంది దీనిని కోరుచున్నారు, దేశములో ఇది ఇంత తగ్గినది, అది ఇంత పెరిగినది యని చదువుదుము. అప్పుడు మూడు ప్రశ్నలు వేసికొనుట అలవరచుకొనుడు. ఎవరిని అడిగిరి? ఏ మాటలతో, ఏ కాలమునకు అడిగిరి? దేనితో పోల్చిరి, ఆ రెండింటిని కొలిచిన త్రాసు ఒకటేనా? ఈ మూడింటికి సమాధానము చెప్పు అంకెను గౌరవింపుడు. చెప్పని అంకెను అరుగుమీది మాటగా విని ఊరకుండుడు. అంకెలన్నియు అబద్ధములని కొట్టివేయుట తెలివి కాదు. అన్నియు నిజములని నెత్తిన పెట్టుకొనుటయు తెలివి కాదు.

ఇంకొక మనవి. ఎప్పుడైన లెక్కలు వ్రాయువారు మీ గుమ్మములోనికి వచ్చినచో విసుగుకొనకుడు. యాదృచ్ఛికముగ మీ ఇల్లు ఎన్నికైనదనగా, మీరు మీవంటి వేలకొలది ఇండ్లవారి పక్షమున సాక్ష్యము చెప్పుచున్నారన్నమాట. తెలిసినది తెలిసినట్లు చెప్పుడు. గుర్తులేనిది గుర్తులేదని చెప్పుడు. ఇంట్లో ఎవరేమి పని చేయుదురని వారు అడిగినప్పుడు, అరుగుమీదనుండి మీరే బదులు చెప్పి పంపివేయకుడు. ఒక్కమారు దొడ్డివైపు తిరిగి ఇల్లాలిని పిలువుడు. ఆమె చేతులు కడుగుకొని వచ్చువరకు ఆ ఉద్యోగి రెండు నిమిషములు ఆగవలసియుండును. ఆగవచ్చును. అట్లు ఆగి, పనిచేసినవారినే అడిగి వ్రాసికొనుటయే పద్ధతి.